డీఎన్‌ఏ చదివే మెషీన్ ఉండగా బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లతో (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించేవాళ్లతో) పనేంటి?

మెషీన్ జీనోమ్‌ను, అంటే డీఎన్‌ఏ మొత్తాన్ని, మొదటి నుంచి చివరిదాకా చదివి చేతిలో పెట్టదండి. మనిషి జీనోమ్‌లో సుమారు 310 కోట్ల అక్షరాలు (ఏ, సీ, జీ, టీ అనే నాలుగు రసాయన గుర్తులే) ఉంటాయి. ఎక్కువ ల్యాబ్‌లు వాడే సీక్వెన్సర్ (ఆ చదివే మెషీన్) ఇచ్చేది 150 అక్షరాల చొప్పున కోట్ల కొద్దీ ముక్కలు. ప్రతి చోటునూ సగటున 30 సార్లు చదివిస్తారు కాబట్టి ఒక్కరి డేటానే పదుల జీబీలు. ఆ ముక్కల్ని రిఫరెన్స్ జీనోమ్‌తో (పోలిక కోసం అందరూ వాడే నమూనా జీనోమ్‌తో) సరిచూస్తే 40-50 లక్షల తేడాలు తేలతాయి. అరుదైన జన్యు వ్యాధికి కారణం వాటిలో ఒకటో రెండో. మిగతావన్నీ వడకట్టాలి.

నన్నడిగితే అసలు తలనొప్పి రిఫరెన్స్ వెర్షన్లతోనే. అల్జీమర్స్ ముప్పుతో ముడిపడిన ఏపీఓఈ జన్యువులో ఆర్ఎస్429358 అనే మార్పు ఉంది. 19వ క్రోమోజోమ్‌పై దాని స్థానం జీఆర్‌సీహెచ్37 వెర్షన్‌లో 4,54,11,941 అయితే, జీఆర్‌సీహెచ్38లో 4,49,08,684. రెండు వెర్షన్ల ఫైళ్లు కలిసిపోతే ప్రోగ్రామ్ చాలాసార్లు ఎర్రర్ కూడా చూపదు, దర్జాగా తప్పు జవాబిస్తుంది. అందుకే ఏ ఫైలు ఏ వెర్షన్‌దో రాసిపెట్టుకోవడం వీళ్ల పనిలో పెద్ద భాగం.

ఎక్సెల్ సంగతి వేరే కథ. సెప్ట్1 అనే జన్యువు పేరు టైప్ చేస్తే సెప్టెంబర్ 1 అనుకుని తేదీ చేసేసేది. చివరికి 2020లో అలాంటి జన్యువుల పేర్లే మార్చారు, ఇప్పుడది సెప్టిన్1.