పరుపు మీద ల్యాప్‌టాప్ వద్దు

ప్రశ్న: మా అబ్బాయి మంచం మీద పెట్టి వాడే ల్యాప్‌టాప్ విపరీతంగా వేడెక్కి దానంతట అదే ఆగిపోతోంది. అయిదేళ్ల నాటిది. ఇంట్లో బాగుచేసుకోగలమా?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చమ్మా. ముందు దాన్ని బల్ల మీదికి మార్చండి. అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతే ఏ ఫ్యానూ ఏమీ చేయలేదు. తరువాత ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, బ్యాటరీ తీగ వేరుచేయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే అక్కడే ఆపి, మెకానిక్‌కు ఇవ్వండి. లేదంటే ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని బ్రష్షుతో దులపండి. అసలు దుమ్ము ఫ్యానుకూ, వేడిని బయటికి వదిలే లోహపు రేకులకూ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. చాలామంది అది చూడకుండానే మూత బిగించేస్తారు, అదే నా బాధ. మన సముద్రపు తేమకు అది అట్టకడుతుంది కూడా. అప్పటికీ వేడి తగ్గకపోతే ప్రాసెసర్ మీద దాని వేడిని బయటికి చేరవేయడానికి పూసే ముద్ద, అంటే థర్మల్ పేస్టు, ఎండిపోయి ఉండవచ్చు. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిన్న చుక్క పెట్టండి. తడిగుడ్డ మాత్రం వాడకండి.