పెళ్లిలో గ్రూపు ఫోటోల గురించి అల్లుడికి

చి. అల్లుడికి కావలి నుంచి మామ ఆశీస్సులు.

ఒంగోలు పెళ్లికి ఫోటోలు తియ్యడానికి ఒప్పుకున్నావని అక్క చెప్పింది. సంతోషం అబ్బయా. నిలబెట్టి తీసే ఫోటోలు పాతబడ్డాయి, అంతా క్యాండిడే, అంటే వాళ్లకు తెలియకుండా సహజంగా ఉన్నప్పుడే తీస్తానన్నావట. తియ్యి, అవీ బాగుంటాయి. కానీ ఆల్బమ్ చేతికందగానే పెళ్లికూతురి అవ్వ వెతికేది తనెక్కడుందా అనే. పెద్దవాళ్లు పోయాక దండ వేసే పటం కూడా చాలా ఇళ్లలో పెళ్లి గ్రూపులోంచి కత్తిరించిందే. అందుకని అవ్వాతాతలను వధూవరుల పక్కన ఒకసారి, విడిగా కుర్చీలో ఒకసారి తియ్యి.

ముందురోజే రెండు వైపులా పేర్ల చీటీ రాయించుకో. ఎవరికి ఎవరితో మాటల్లేవో కూడా మెల్లగా కనుక్కో, లేకపోతే స్టేజీ మీదే పంచాయితీ అవుతుంది. మైకులో అరిస్తే ఎవరూ రారు, చుట్టాలందరినీ ఎరిగిన పిన్నినో బాబాయినో పంపు. ముసలివాళ్లు, పసిబిడ్డల తల్లులు ముందు. భోజనాలకు వెళ్లారంటే అటునుంచి అటే బస్సెక్కేస్తారు. స్నేహితులు చివర, వాళ్లెక్కడికీ పోరు.

రెండు వరుసలుంటే లెన్సు ఎపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 పెట్టి ముందు వరుస కళ్ల మీద ఫోకస్ చెయ్యి. చోటు చాలదని మరీ వైడ్ లెన్సు వాడితే చివర నిలబడ్డ అత్తయ్య రెండింతలు కనిపిస్తుంది, ఆ తిట్లు నీకే. వెనక్కి జరిగి 50 ఎంఎం లెన్సు వాడు. ఫ్లాష్ నేరుగా కొడితే పట్టుచీర జరీ తెల్లగా మెరిసిపోతుంది. ఫ్లాష్‌కు గొడుగు పెట్టి వెలుతురు పక్కనుంచి ఇవ్వు. కళ్లజోడు వాళ్లను గడ్డం కాస్త దించమను. మా రోజుల్లో 120 ఫిల్ము రోలుకు 12 ఫోటోలే వచ్చేవి, నీకా బాధ లేదుగా, ఒక్కో గ్రూపుకు నాలుగైదు తియ్యి. ఎవరో ఒకరు రెప్ప వేస్తారు.

పెళ్లికూతురి పోజులన్నీ పీటల మీద కూర్చోకముందే అయిపోవాలి. తర్వాత హోమం పొగకు కళ్లెర్రబడతాయి, జీలకర్ర బెల్లంతో జుట్టు అంటుకుపోతుంది.

తాళి కట్టేటప్పుడు మాత్రం "ఇటు చూడండి" అనొద్దు. కొందరు అంటారు, నాకు నచ్చదు. ముహూర్తం మన కోసం ఆగదు. అడ్డుతెర ఎటు పట్టుకుంటారో, నువ్వెక్కడ నిలబడాలో అయ్యవారినే ముందుగా అడిగిపెట్టుకో.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే ముందే ఒకటి తీసి చూసుకో. చారలు పడితే షటర్ వేగం తగ్గించు. అడ్వాన్సు అందాకే బ్యాగు సర్దు. గొడుగు, స్టాండు నా దగ్గరున్నాయి, ఆదివారంలోపు వచ్చి తీసుకుపో.

మీ మామ