టెస్ట్‌లో బ్యాటింగ్ ఎప్పుడు కష్టం? అయిదో రోజు కాదండీ, సాయంత్రం నాలుగున్నరకి

ప్రశ్న అడిగినాయన "టెస్ట్ మ్యాచ్‌లో అయిదో రోజు, నాలుగో ఇన్నింగ్స్ ఆడటమే అన్నిటికంటే కష్టం కదా, దానికి కారణాలేంటి" అన్నారు. కష్టమే, కాదనను. కానీ "అన్నిటికంటే" అన్నారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగు రోజుల ఆటకి పగిలి విరిగిపోయిన ఈ అయిదో రోజు పిచ్ అనే దెయ్యాన్ని టీవీ వాళ్ళు పెంచి పోషించారు. పొద్దున్నే ఒకాయన సూటేసుకుని పిచ్ మీద గొంతుక్కూర్చుని, పగుల్లో కారు తాళాలు దూర్చి చూపిస్తాడు, మనం ఇంట్లో కాఫీ తాగుతూ "అమ్మో" అంటాం. ఆ పగులు మీద బాల్ ఎన్నిసార్లు పడిందో సాయంత్రం మాత్రం ఎవడూ చెప్పడు.

నన్నడిగితే అన్నిటికంటే కష్టమైంది ఒకటిన్నర రోజు ఫీల్డింగ్ చేసొచ్చి, ఆట ఇంకో ఏడెనిమిది ఓవర్లే ఉందనగా ఓపెనింగ్‌కి దిగటం. పిచ్ మొదటి రోజుదైనా సరే, నాలుగో రోజుదైనా సరే. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు.

డిగ్రీ చదివే రోజుల్లో జిల్లా టీమ్‌కి ఓపెనింగ్ చేసేవాణ్ణి. అంతర జిల్లా మ్యాచ్, మూడు రోజులది, మే నెల. టాస్ ఓడిపోయాం. అవతలి వాళ్ళు మొదటి రోజంతా ఆడారు, రెండో రోజు టీ అయ్యాక కూడా ఆడుతూనే ఉన్నారు. టీమ్‌లో చిన్నవాణ్ణి నేనే కాబట్టి షార్ట్ లెగ్, అంటే బ్యాట్స్‌మన్‌కి నాలుగడుగుల్లో వంగి కూర్చునే ఫీల్డింగ్, నాకే రాసిపెట్టి ఉంది, హెల్మెట్ కూడా లేకుండా (మా కిట్‌లో ఉన్నది ఒకటే హెల్మెట్, అది బ్యాట్స్‌మన్లకి మాత్రమే, షార్ట్ లెగ్‌లో నిలబడేవాడి తల తలకాదన్నమాట). బాల్ బాల్‌కీ గుంజీ తీసినట్టు వంగటం, లేవటం. నూట ముప్పై ఓవర్లు. లెక్కేసుకోండి ఎన్ని గుంజీలో. బడిలో మాస్టారు కూడా అన్ని తీయించలేదు.

సరే, రెండో రోజు నాలుగున్నర దాటాక వాళ్ళే ఇక చాలని ఇన్నింగ్స్ డిక్లేర్ చేశారు. ఇంకా ఎనిమిది ఓవర్లున్నాయి. మా కెప్టెన్, బాబాయ్ అని పిలిచేవాళ్ళం, గ్రౌండ్ మధ్యలోంచే "ఒరేయ్ పరిగెత్తు, ప్యాడ్లు కట్టు" అని అరిచాడు. పది నిమిషాలు. అందులోనే నీళ్ళు, అందులోనే గార్డు, అందులోనే థై ప్యాడ్. చేతులకి చెమట, గ్లవ్స్ ఎక్కటంలా. కిట్ హెల్మెట్ స్ట్రాప్ అంతకుముందు ఎవరి చెమటతోనో గట్టిపడిపోయి ఉంది, గడ్డం కింద గీరుకుపోయింది, ఆ వాసన ఇప్పటికీ గుర్తే. అవతల బౌలర్లిద్దరూ ఏం చేశారు? ఒకటిన్నర రోజుగా షామియానా కింద కాళ్ళు చాపుకుని మజ్జిగ తాగారు. చేతిలో కొత్త బాల్, ముందు ఎనిమిది ఓవర్లే, అంటే దాచుకోవాల్సిన పనే లేదు, ఉన్న ఊపంతా ఊపేయొచ్చు. బ్యాట్ అంచు తగిలితే పట్టుకోటానికి వెనక నలుగురు స్లిప్‌లు, ఒక గల్లీ, ఇప్పటిదాకా నేను వంగి కూర్చున్న చోట ఇంకొకడు.

మొదటి బాల్ అంచు పక్కనుంచి పోయింది. నేను ముందుకి కాలేద్దామనుకున్నా, కాలు రాలేదు. నిజంగా రాలేదు, తొడలు పట్టేశాయి, బుర్ర చెప్పిన మాట కాలికి చేరేసరికి బాల్ కీపర్ చేతిలో ఉంది. దానికితోడు ఒక ఎండ్‌లో, బాల్ కనబడాలని బౌలర్ వెనక పెట్టే సైట్ స్క్రీన్ అంటే రెండు వెదురుబొంగులకి కట్టిన తెల్లగుడ్డ, సాయంత్రం గాలికి అది బొజ్జలా ఉబ్బుతోంది, వెనక పొద్దు వాలుతోంది, బౌలర్ చెయ్యి ఆ గుడ్డ పై అంచు దగ్గరికొచ్చేసరికి బాల్ మాయం. ఒకటి లోపలికొచ్చి పక్కటెముకల మీద తగిలింది. మా రెండో ఓపెనర్ మహానుభావుడు, ఓవర్ మొదటి బాల్‌కే సింగిల్ తీసి అటు పోయేవాడు, మిగతా అయిదూ నాకే. నాలుగు ఓవర్లయ్యాక అంపైర్ గారి దగ్గరికెళ్ళి "సార్, వెలుతురు చాలట్లేదు" అన్నా. ఆయన "నీ మొహం నాకు బానే కనబడుతోంది, వెళ్ళి ఆడు" అన్నాడు.

ఆడా. నాటౌట్ 4. ముప్పై బాల్స్ పైనే ఆడుంటా. ఆ రాత్రి నిద్ర లేదు, కళ్ళు మూస్తే ఉబ్బిన గుడ్డే. పొద్దున్నే మళ్ళీ సున్నా నుంచి మొదలు, పిచ్‌లో కొంచెం తడి, బాల్ ఇంకా కొత్తదే, రెండో బాల్‌కే కీపర్ క్యాచ్. నిన్న సాయంత్రం ముప్పైసార్లు వదిలేసిన బాల్‌నే పొద్దున్న ముట్టుకున్నా.

ఇక్కడ నా అసలు ఫిర్యాదు. వన్ డౌన్ వాడికీ టూ డౌన్ వాడికీ, అంటే ఓపెనర్ల తర్వాత దిగేవాళ్ళకి, చీకటి పడుతుంటే బదులుగా నైట్ వాచ్‌మన్ అని ఒక బౌలర్‌ని పంపుతారు, పాపం బంగారు కొండ అని. ఓపెనర్‌కి? ఓపెనర్ ఏ తల్లి కన్న బిడ్డ? ఒక్కసారి మాత్రం ఇంగ్లండ్ వాళ్ళు బుద్ధిగా ఆలోచించారు. 2019లో లార్డ్స్‌లో ఐర్లండ్‌తో టెస్ట్, మొదటి రోజే ఇంగ్లండ్ 85కి ఆలౌట్, ఐర్లండ్ 207, అన్నీ అయ్యాక ఆ రోజు ఆటలో ఒక్క ఓవర్ మిగిలింది. ఓపెనర్ జేసన్ రాయ్‌ని దాచేసి స్పిన్నర్ జాక్ లీచ్‌ని ఓపెనింగ్‌కి పంపారు. ఆ లీచ్ మర్నాడు 92 కొట్టాడు, వన్ డౌన్ వచ్చిన రాయ్ 72, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా లీచే. ఇంతకంటే ఏం రుజువు కావాలండీ? మరి ఆ తర్వాత అందరూ ఇదే ఎందుకు చెయ్యరో నాకర్థం కాదు.

పిచ్ పిచ్ అంటారు కదా, 2024 జనవరిలో హైదరాబాద్ ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో టెస్ట్‌కి మూడో రోజు, నాలుగో రోజు నేను స్టాండ్‌లోనే ఉన్నా. మొదటి ఇన్నింగ్స్‌లో మనకి 190 లీడ్. నా వెనక కూర్చున్నాయన "ఈ పిచ్ మీద వీళ్ళు రెండు గంటలు కూడా ఆడరు, భోజనానికి ఇంటికే పోదాం" అంటున్నాడు. ఆలీ పోప్ వచ్చి రివర్స్ స్వీప్ మీద రివర్స్ స్వీప్ చేసి 196 కొట్టాడు. మూడో ఇన్నింగ్స్‌లో, అదే విరిగిన పిచ్ మీద. తర్వాత మనకి 231 టార్గెట్ అయితే 119కి 7 వికెట్లు. వాళ్ళ స్పిన్నర్ టామ్ హార్ట్‌లీకి ఆ ఇన్నింగ్స్‌లో మొత్తం 7 వికెట్లు, ఒప్పుకుంటా, బాగా వేశాడు. కానీ పోప్ వెనక అంతసేపు పరిగెత్తిన కాళ్ళతో ఆడారు మనవాళ్ళు, ఆ సంగతి ఎవడూ రాయలేదు. చివర్లో మన వైజాగ్ కుర్రాడు భరత్, అశ్విన్ కలిసి 57 జోడిస్తుంటే స్టేడియం అంతా నిలబడింది. ఆ ఇద్దరికీ పిచ్ మారిపోయిందా ఏంటి? 28 రన్స్‌తో ఓడిపోయాం, అదీ నాలుగో రోజు సాయంత్రమే. అయిదో రోజు దాకా రానే లేదు!

ఇంకా పాత లెక్క కావాలంటే 2001లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్ట్. మనం మొదటి ఇన్నింగ్స్ 171, ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్ళీ మనమే బ్యాటింగ్‌కి దిగాలి. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో నంబర్‌లో దిగి 59 కొట్టి ఆఖర్న ఔటైన లక్ష్మణ్‌ని వన్ డౌన్‌కి తీసుకొచ్చారు. నాలుగో రోజు పొద్దున్న నుంచి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్ పడనివ్వలేదు, ఆ ఒక్క రోజే 335 రన్స్. నాలుగో రోజు పిచ్ అండీ, ఎదురుగా మెక్‌గ్రాత్, వార్న్. మరి ఆ పిచ్ అప్పుడేం చేస్తోంది, నిద్రపోతోందా? అయిదో రోజు ఆస్ట్రేలియా వాళ్ళు కూడా టీ దాకా మూడు వికెట్లకే ఉన్నారు, ఆ చివరి సెషన్లో హర్భజన్, సచిన్ కలిసి కూల్చేశారు. రెండు రోజులు ఎండలో నిలబెట్టిన కాళ్ళవి. మీరు దాన్ని టర్న్, పిచ్ మీద బాల్ తిరగటం, అంటారు, నేను పట్టేసిన తొడలంటాను.

బ్యాటింగ్ కష్టసుఖాలకి మిగతా కారణాలు, కొత్త బాల్, లంచ్ తర్వాత సుఖం, పాత బాల్ రివర్స్ అవటం (ఎదురువైపుకి స్వింగ్ అవటం), 80 ఓవర్లకి మళ్ళీ కొత్త బాల్, ఇవన్నీ ఇంకెవరైనా రాస్తార్లెండి.

అన్నట్టు ఆ మ్యాచ్‌లో మా వన్ డౌన్ వాడు రెండో రోజు సాయంత్రం ప్యాడ్లు కట్టుకుని మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. నేను లోపలికి రాగానే "థాంక్స్ రా" అని ప్యాడ్లు విప్పేశాడు. మర్నాడు బాల్ పాతబడ్డాక 90 చిల్లర కొట్టాడు, జిల్లా ఎడిషన్‌లో ఫోటో కూడా పడింది. మొన్న వాట్సాప్ గ్రూప్‌లో ఆ కటింగ్ పెట్టి కింద "ఆ రోజు పిచ్ ఎంత బాగుందో గుర్తుందా" అని రాశాడు. నేను ఇంకా రిప్లై ఇవ్వలేదు.