మార్కులు తీసేసి మళ్లీ రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. కోపం తగ్గలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. భాష శుభ్రంగా ఉంది, ఆపకుండా చదివించావు. ఆ మాట ఇక్కడితో సరి.

బహుమతులొచ్చిన వార్తాఫోటోలను వరసగా పెట్టి ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేశావు. వెలుతురుకి ఇన్ని, కంపోజిషన్‌కి, అంటే ఫ్రేములో కూర్పుకి ఇన్ని, కళాత్మకతకి ఇన్ని. ఫోటోగ్రాఫర్ అర్కో దత్తా తమిళనాడులోని కడలూరులో తీసిన ఫోటోకి ఆరు ఇచ్చి, "అంచున తెగిపోయిన చెయ్యి దృష్టిని మరలుస్తోంది, క్రాప్ చేసి ఉంటే బాగుండేది" అన్నావు. అక్కడ కాగితాలు పక్కన పడేశాను.

ఆ ఫోటో ఇంకోసారి చూడు. 2004 డిసెంబర్ 28, సునామీ వచ్చిన రెండు రోజుల తర్వాత. ఇసుకలో ఒకామె బోర్లా పడి ఏడుస్తోంది. చేతులు చాచి ఉన్నాయి, అరచేతులు పైకి తెరిచి ఉన్నాయి. ఫ్రేము అంచున చనిపోయిన మనిషి చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ముందు ఆమెను చూస్తాం. ఇంతలా ఎందుకు ఏడుస్తోందని కళ్లు పక్కకు వెతుక్కుంటాయి. అప్పుడు ఆ చెయ్యి దొరుకుతుంది. నువ్వు కోసెయ్యమన్నది దాన్నే. అది లేకపోతే ఆమె దుఃఖానికి కారణం ఫోటోలో మిగలదు. శవాన్ని మొత్తం చూపించి ఉంటే ఆమె మీద నుంచి చూపు జారిపోయేది. చుట్టూ చావు ఉండగా, కెమెరా పట్టుకున్న మనిషి ఆ కాస్త వ్యవధిలో చేసిన నిర్ణయం అది. వార్తాఫోటోలకు ప్రపంచస్థాయిలో ఇచ్చే వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి ఆ ఏడు దానికే ఇచ్చారు. కంపోజిషన్ అంటే నువ్వు గీసిన రెండు నిలువు గీతలూ రెండు అడ్డగీతలూ కాదు.

అసలు బాధ ఇంకోటి. ఇంత వ్యాసంలో ఒక్క ఫోటో కింద కూడా క్యాప్షన్ లేదు. ఏ ఊరు, ఏ రోజు, అందులో ఉన్నదెవరు? అవి 'సాహిత్యేతరం' అని వదిలేశానని ముందుమాటలో రాసుకున్నావు. తమ్ముడూ, క్యాప్షన్ లేని వార్తాఫోటో సగం ఫోటో. పేపరాఫీసు డెస్క్‌లో నా పక్కన కూర్చున్నవాళ్లు విసుక్కునేదాకా ఈ మాటే చెప్పాను, ఇప్పుడు నీకూ చెప్తున్నాను.

2015లో ఏం జరిగిందో చూడు. బెల్జియంలోని షార్లరువా పట్టణం మీద ఒక ఇటలీ ఫోటోగ్రాఫర్ తీసిన వరసకి వరల్డ్ ప్రెస్ ఫోటోలో ఒక విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. చీకటి, మెరుపులాంటి ఫ్లాష్ వెలుగు, ఒక్కో ఫ్రేమూ పెయింటింగులా ఉంటుంది. నీ లెక్కలో తొమ్మిదికి తగ్గదు. కానీ అందులో ఒక ఫోటో షార్లరువాలో తీసింది కాదు, బ్రస్సెల్స్‌లోని మోలెన్‌బేక్‌లో తీసింది అని తేలింది. బహుమతి వెనక్కి తీసుకున్నారు. వెలుతురు మారలేదు, కంపోజిషన్ మారలేదు, ఊరి పేరు ఒక్కటే తప్పు. ఆర్ట్ గ్యాలరీలో ఆ ఫోటోను ఏ ఊళ్లో తీశావని ఎవరూ అడగరు. పేపర్లో మొట్టమొదట అడిగేది అదే.

దీనికి ఎదురుగా అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్డీ ఆడమ్స్‌ని పెట్టుకో. వియత్నాం యుద్ధంలో, 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో పోలీసు అధిపతి ఒక బందీ తలకు పిస్తోలు పెట్టి కాల్చిన ఫోటో. వెలుతురు బాగోలేదు, కూర్పు బాగోలేదు అని తీసినవాడే ఒప్పుకున్నాడు. 1969లో దానికి అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. ఆ తర్వాత బతికినంత కాలం, ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో ఫోటో చెప్పలేదే అని బాధపడ్డాడు. నువ్వు వేసిన నాలుగు మార్కుల్లో ఆ బాధకి చోటెక్కడ?

నాదీ ఒకటి చెప్తాను. 1996 నవంబర్‌లో కోనసీమను తుఫాను ముంచెత్తినప్పుడు నేను ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. మా ఫోటోగ్రాఫర్ నడుం లోతు నీళ్లలో నడిచి వెళ్లి రీలు పంపాడు. స్కూలు వరండాలో తలదాచుకున్న కుటుంబాల ఫోటో ఒకటి ఉంది, మొహాలు స్పష్టంగా తెలుస్తున్నాయి. ఊరి పేరుతో సహా క్యాప్షన్ రాసి పెట్టాను. పైనున్న పెద్దమనిషికి అది నచ్చలేదు. పడిపోయిన కొబ్బరిచెట్ల వెనక సూర్యుడు దిగుతున్న ఫోటో పెట్టించి, కింద 'ప్రకృతి విలయతాండవం' అని వేయించాడు. దానికీ ఊరి పేరు లేదు. తెల్లారేసరికి ఆఫీసు మెట్ల మీద జనం. ఫోన్లు పనిచేయని రోజులు. పేపరు పట్టుకుని "ఇది ఏ ఊరండీ, మా అక్కావాళ్లు అటే ఉంటారు" అని ఒకాయన నన్ను అడుగుతుంటే, స్కూలు వరండా ఫోటో నా సొరుగులో ఉంది. అది తెచ్చి చూపించాను. వాళ్లక్క అందులో లేదు.

ఆదివారం అనుబంధాలవాళ్ల మీద నాకున్న కసి అప్పటిది. ప్రతి ఫోటోనీ 'దృశ్యకావ్యం' అనేస్తారు. ఆ మాట నీ వ్యాసంలోకీ వచ్చింది. కొట్టెయ్.

భోపాల్ గురించి నువ్వు రాసింది మాత్రం బొత్తిగా వదల్లేను. 1984 డిసెంబర్‌లో మట్టిలో పూడ్చుతున్న ఒకే బిడ్డను రఘు రాయ్ నలుపుతెలుపులో, పాబ్లో బార్తోలోమ్యూ రంగుల్లో తీశారు. రంగుల ఫోటోకి వరల్డ్ ప్రెస్ బహుమతి వచ్చింది. నలుపుతెలుపే 'ఎక్కువ కళ', అన్యాయం జరిగింది అని రెండు పేజీలు వాదించావు. ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలియదన్న సంగతి ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. రఘు రాయ్ ఫోటోని 'గుర్తు తెలియని బిడ్డ' అనే పిలుస్తారు. ఊరంతా విషవాయువు పీల్చి పోతుంటే పూడ్చిపెట్టేవాళ్లకు పిల్లల పేర్లు కూడా అందలేదు. ఆ పూట వార్త అదే. రంగా, నలుపుతెలుపా అన్నది దాని తర్వాతి మాట.

పుస్తకం వేయడం గురించి, ముందుమాట గురించి అడిగావు. అవి ఇప్పుడొద్దు.

చివరి పేజీలో, మీ అమ్మగారు ఒకరోజు పేపర్లో ఏదో ఫోటో చూసి దాన్ని బోర్లా తిప్పి పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయారని ఒక వాక్యం రాశావు. నన్ను కదిలించింది అదొక్కటే. అది ఏ ఫోటో? ఏ సంవత్సరం? అమ్మను అడుగు. ఆమెకు గుర్తు లేకపోతే జిల్లా గ్రంథాలయంలో పాత పేపర్ల బైండింగులు తీయించు. దొరికాక ఫోటో కింద ఏం అచ్చేశారో అక్షరం పొల్లుపోకుండా రాసుకుని నాకు పంపు. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఉంటాను.