అమ్మ కాలేయంలో ఈహెచ్‌ఈ అన్నారు, ఈ వారమే కీమో మొదలుపెట్టాలా?

మీ అమ్మగారి కాలేయంలో ఏడెనిమిది గడ్డలు ఉన్నాయని, బయాప్సీలో ఎపిథెలియాయిడ్ హిమాంజియోఎండోథీలియోమా (ఈహెచ్‌ఈ), అంటే రక్తనాళాల లోపొర కణాల నుంచి పుట్టే అరుదైన క్యాన్సర్, అని వచ్చిందని, ఈ వారమే కీమో మొదలుపెట్టమని బంధువులు తొందరపెడుతున్నారని రాశారు. మా వారికి 2019లో ఇదే జబ్బు బయటపడింది. నేను డాక్టరును కాను. ఆరేళ్లుగా ఆయన ఫైలు పట్టుకుని హైదరాబాదు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న మనిషిగా ఒక్కటే గట్టిగా చెబుతాను. కీమో కన్నా ముందు, రిపోర్టులో ఉన్న ఆ పేరు ఖాయమో కాదో తేల్చుకోండి.

మా వారు కుడి డొక్కలో బరువుగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం. అల్ట్రాసౌండ్‌లో మచ్చలు కనిపించాయి. మొదట వెళ్లిన ఆసుపత్రిలో, వేరే చోట పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకిందన్నారు. ఆ పుట్టినచోటు కోసం ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, పెట్ స్కాన్ అన్నీ చేశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. రక్తంలో క్యాన్సర్ జాడ చూపే ఏఎఫ్‌పీ, సీఈఏ మామూలుగానే ఉన్నాయి. అయినా కీమోకు తేదీ ఇచ్చేశారు. నాలుగు రోజులుందనగా మా ఆడపడుచు "బయాప్సీ ముక్కను ఇంకొకరికి చూపించు వదినా" అని పట్టుబట్టింది.

ల్యాబులో అడిగితే రెండు మైనపు బ్లాకులు, ఆరు స్లైడులు ఇచ్చారు. బ్లాకు అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ చట్రం. అందులో తెల్లటి మైనం, ఆ మైనం మధ్యలో దారపు పోగులా మా వారి కాలేయపు ముక్క. మే నెల. బండి డిక్కీలో పెట్టవద్దు, మైనం మెత్తబడుతుందని ల్యాబు కుర్రాడు హెచ్చరించాడు. సికింద్రాబాదు నుంచి లకడీకాపూల్ దాకా ఆటోలో ఆ కవరు ఒడిలోంచి తియ్యలేదు.

అక్కడి పాథాలజిస్టు, అంటే ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు, సీడీ31, ఈఆర్‌జీ పరీక్షలు చేశారు. ఆ కణాలు రక్తనాళాల లోపొరకు చెందినవో కాదో తెలిసేది వాటితోనే. తర్వాత క్యామ్టా1 చేశారు. ఈ జబ్బున్న వారిలో సుమారు 90 శాతం మందికి డబ్ల్యూడబ్ల్యూటీఆర్1, క్యామ్టా1 అనే రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటాయని 2011లో కనిపెట్టారు. మిగిలినవారిలో చాలామందికి యాప్1, టీఎఫ్‌ఈ3 కలిసి ఉంటాయి. మీ రిపోర్టులో ఈ పేర్లు లేకపోతే, బ్లాకులు తీసుకుని సార్కోమాలు (ఎముక, కండరం, రక్తనాళాల వంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు) ఎక్కువగా చూసే పాథాలజిస్టుకు చూపించండి. ముంబయి టాటా మెమోరియల్‌లోనూ బయటి బ్లాకులు పరిశీలిస్తారు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. రక్తనాళాలలోనే పుట్టే యాంజియోసార్కోమా ముంచుకొచ్చే జబ్బు, దానికి ఒక్క వారం ఆలస్యం కూడా పనికిరాదు. హిమాంజియోమా అయితే హాని లేని గడ్డ. ఈహెచ్‌ఈ నడక ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పీవీసీ కర్మాగారాలలో వినైల్ క్లోరైడ్ వల్ల కాలేయపు యాంజియోసార్కోమా వస్తోందని 1974లో అమెరికాలో బయటపడింది. ఈహెచ్‌ఈకి అలా వేలెత్తి చూపగల కారణం ఏదీ లేదు. మా అత్తగారు తన వంటనే తప్పుపట్టుకుని నెలల తరబడి ఏడ్చారు. మీ ఇంట్లో ఎవరినీ అలా కుమిలిపోనివ్వకండి.

పేరు ఖాయమయ్యాక డాక్టరుగారు "మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేద్దాం" అన్నారు. క్యాన్సర్ అని చెప్పి ఊరికే కూర్చోమంటారా అని ఆయనతో వాదించాను. ఇది కొందరిలో ఏళ్ల తరబడి కదలదు, కొందరిలో ఉన్నట్టుండి పెరుగుతుంది, మామూలు కీమోకు అంతగా లొంగదు, అందుకే ముందు దాని వేగం చూడాలని ఆయన ఓపికగా చెప్పారు. రెండేళ్లు అవి కదలలేదు. 2021 చివరలో రెండు గడ్డలు పెరిగాయి, ఊపిరితిత్తుల్లో చుక్కలు కనిపించాయి. అప్పుడు గడ్డల పెరుగుదలను అడ్డుకునేందుకు సిరోలిమస్ అనే మాత్రలు మొదలుపెట్టారు. నోటిపూత బాగా బాధించింది, కొలెస్ట్రాల్ పెరిగింది. రక్తంలో మందు ఎంత ఉందో తరచూ చూస్తారు. పంపరపనస తినవద్దన్నారు. ఫంగస్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు దీనికి పడవు కాబట్టి జలుబుకైనా అడగకుండా మాత్ర వేసుకోరు.

గడ్డలు ఒకటి రెండే ఉంటే కోసి తీసేస్తారు. కాలేయమంతా ఉంటే మార్పిడి గురించి తప్పక అడగండి. చాలా క్యాన్సర్లలో కాలేయం దాటి కాస్త పాకితే మార్పిడికి తలుపు మూసేస్తారు, ఇందులో అలా మూసేయనక్కరలేదు. అవయవదాత కోసం రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయిస్తారు.

అమ్మగారికి జ్వరం, బరువు తగ్గడం, ఛాతీలోనో పొట్టలోనో నీరు చేరడం ఉంటే నేను చెప్పిన నిదానం వర్తించదు, అదే రోజు ఆంకాలజిస్టును కలవండి. నొప్పి ఎక్కువగా ఉంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ప్రత్యేక విభాగం ఉంది. చివరి దశ వారికే అనుకుని మేము చాలాకాలం అటు వెళ్లలేదు. వెళ్లాక ఆయన రాత్రిళ్లు నిద్రపోయారు.

రేపు ల్యాబుకు వెళ్లేటప్పుడు బయాప్సీ నంబరు, అమ్మగారి సంతకంతో ఒక కాగితం, ఆధార్ పట్టుకెళ్లండి. అన్ని బ్లాకులూ ఇచ్చేయమనకండి, ఒకటి అక్కడే ఉండనివ్వండి. క్యామ్టా1 ఫలితం వచ్చాక రాయండి, నేను చూస్తుంటాను.