సరే అక్కా

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. టెన్షన్ తగ్గాలని ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున యోగా చేస్తున్నాను, రాత్రి పడుకునే ముందు డైరీ రాస్తున్నాను. మొదట్లో హాయిగానే ఉండేది. ఇప్పుడు రాసేకొద్దీ కోపం పెరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. అమ్మ పోయాక నన్ను అక్కే పెంచింది. వచ్చే నెల నుంచి వాళ్లబ్బాయిని కాలేజీ చదువు అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంచుతానంది. సరేనన్నాను. డైరీ రాత్రి రాయాలా, పొద్దున రాయాలా? కోపం తగ్గడానికి ఏ ప్రాణాయామం మంచిది? బీపీకి మందు వాడుతున్నాను. మూడు పేజీల ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: డైరీ ఏ పూట రాసినా ఒకటే. రాత్రి రాస్తే నిద్ర రావడం లేదంటున్నారు కాబట్టి సాయంత్రం రాయండి. ఆ ప్రశ్న అంతటితో అయిపోయింది.

మీ పేజీలు రెండుసార్లు చదివాను. రెండో పేజీలో ‘సరే అక్కా అన్నాను’ అని రాసిన చోట పెన్ను దిగబడి కాగితం చిరిగింది. మీ జబ్బు అక్కడుంది. అక్కతో అనాల్సిన మాటలన్నీ ఎనిమిది నెలలుగా నోట్‌బుక్కుకు చెప్పుకుంటున్నారు.

రాస్తే మనసు తేలికపడుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. అమెరికా సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రాత్రులు, రాత్రికి 15 నిమిషాలు, తమను బాగా కుదిపేసిన సంగతి రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు పెరిగింది. కానీ జరిగినదాంతో పాటు తమకేమనిపించిందో కూడా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. నాలుగు రాత్రులండీ, ఎనిమిది నెలలు కాదు. తర్వాత ఇలాంటి రాతల్ని పరిశీలిస్తే, మేలు పొందినవాళ్లలో రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘అర్థమైంది’ లాంటి మాటలు పెరిగాయని తేలింది. మీ పేజీల్లో వెతికాను. ‘ఎప్పుడూ ఇంతే’ ఐదుసార్లుంది. ‘ఎందుకంటే’ ఒక్కసారీ లేదు. మీరు చేస్తున్నది నెమరువేత. పశువు నెమరేస్తే తిన్నది అరుగుతుంది, మనిషికి మాత్రం రోజూ కొత్తగా చేదెక్కుతుంది.

ఇక అక్క సంగతి. మీకోసం 19 ఏళ్లకే చదువు మానేసిందని మీరే రాశారు. ఆ ఋణం నిజం. అలాంటి ఋణాలేవీ ఉండవని చెప్పే కౌన్సెలర్లు ఉంటారు, నేను చెప్పను. రేపు ఆవిడ మంచాన పడితే పక్కన మీరే ఉండాలి. ఉంటారు కూడా. మూడో పేజీ చివర ఆవిడ మోకాళ్ల నొప్పికి డాక్టరు ఏం చెప్పాడో వివరంగా రాసి పెట్టుకున్నారు. కానీ అడిగిందల్లా ఒప్పేసుకుని రాత్రికి తిట్టుకోవడం ఋణం తీర్చుకోవడమా? ఆ నోట్‌బుక్ రేపు అక్క చేతిలో పడితే ఆవిడకు ఎక్కువ నొప్పి దేనికి? మీరు కుదరదన్నందుకా, నవ్వుతూ సరేనని వెనక ఇన్ని పేజీలు రాసినందుకా?

పైగా ఆ కుర్రాడు వచ్చాక ఈ కోపమంతా వాడి మీదకు మళ్లుతుంది. స్నానానికి కాస్త ఎక్కువసేపు తీసుకున్నా మీకు వాడిలో అక్కే కనిపిస్తుంది. వాడేం పాపం చేశాడు? (మీవారు ‘మీ అక్కాచెల్లెళ్ల మధ్యకు నేను రాను’ అన్నారట. ఆయన సంగతి ఇంకోసారి చూద్దాం.)

యోగా మానకండి. కానీ శవాసనంలో ఉండగా అక్క ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తుతానని రాశారు. తల పక్కన ఫోన్ పెట్టుకుని పడుకుంటే అది శవాసనం కాదు, కాపలా. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది, ప్రాణాయామం నాలుగోది. మొదటిది యమం, అంటే ఇతరులతో మెలిగే తీరుకు పెట్టుకునే కట్టుబాట్లు. అందులో అహింస తర్వాతి మాటే సత్యం. మీరు ఆ మెట్టు దాటేసి మూడో మెట్టు మీద చెమటోడుస్తున్నారు.

బీపీ ఉంది కాబట్టి గాలిని వేగంగా, బలంగా ఊదే భస్త్రిక, కపాలభాతి జోలికి పోకండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, మధ్యలో బిగబట్టొద్దు. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. అక్కకు ఫోన్ చేసే ముందు ఐదు నిమిషాలు ఇలా చేస్తే గొంతు వణకదు. మీ డాక్టరుకు నిద్ర సంగతి కూడా చెప్పండి.

నోట్‌బుక్‌లో ఇంకో నాలుగుసార్లే రాయండి, పావుగంట అలారం పెట్టుకుని. మొదటి రెండుసార్లు అక్కకు కాదని ఎందుకు చెప్పలేకపోతున్నారో రాయండి. మూడోసారి అక్కే రాస్తున్నట్టు, ‘నేను’ అంటూ రాయండి. చదువు మానేసిన పిల్ల, ఇప్పుడు కొడుకును ఎక్కడ ఉంచితే నిశ్చింతగా ఉంటుందా అని చూస్తున్న తల్లి. చెల్లెలిల్లు తన ఇల్లే అనుకుందేమో, మీరెప్పుడైనా కాదన్నారా? నాలుగోసారి ఫోన్లో చెప్పబోయే మాటలు మాత్రమే రాయండి. ‘అక్కా, ఆ రోజు సరేనన్నాను గానీ ఇన్నేళ్లు నా వల్ల కాదు. మొదటి నెల మా దగ్గరే ఉంటాడు. ఈలోగా హాస్టల్ చూద్దాం, నేనూ తిరుగుతాను.’ అంతే. బీపీనీ, గదులు చాలకపోవడాన్నీ అడ్డం పెట్టకండి. సాకు చెబితే అక్క దానికి అప్పటికప్పుడే ఉపాయం చెబుతుంది.

‘ఇందుకేనా నిన్ను పెంచింది’ అంటుంది. అననివ్వండి. ‘నువ్వే పెంచావక్కా, అయినా ఇది నా వల్ల కాదు’ అనండి. ఫోన్ పెట్టేసినా ఆ రాత్రి తిరిగి చేయొద్దు, నోట్‌బుక్ కూడా తీయొద్దు. పొద్దున మీరే చేసి, మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగండి.