పునరుద్ధరణనా పునరుజ్జీవనమా

అన్నా, మన పాలమూరు పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి మీద బడి పిల్లల చార్టుకు ఏ మాట రాయాలె అని అడిగినవ్ గదా, పునరుజ్జీవనం రాయి. పునరుద్ధరణ అంటే పాడైనదాన్ని మళ్ల బాగుచేసుడు, చెరువుల పూడిక తీసి కట్ట గట్టి చేస్తే, పోయిన కరెంటు మళ్లొస్తే అదే మాట, 2015ల సర్కారు చెరువుల పథకం మిషన్ కాకతీయ మొదలైనంక ఊరూరా ఇదే విన్నం. పానం ఉన్నదానికైతే పునరుజ్జీవనమే బాగుంటది, అంటే మళ్ల పానం పోసుడు. మన పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలితే 2018ల సెలైన్ బాటిళ్లు వేలాడదీసి చుక్క చుక్క మందెక్కించిన్రు చూడు, గట్ల. ఇంట్లనైతే ఈ రెండూ ఎవలంటరు, మా అవ్వ ఎండిన చెట్టు ఇగురేస్తే "మళ్ల పానమొచ్చిందిరా" అంటది. ఆఁ, పునరుద్ధరణల ధ వత్తు మర్చిపోకు, ఫ్లెక్సీలల్ల చానసార్లు పునరుద్దరణ అనే కొడ్తరు.